డ్రైవర్‌కి హెల్మెట్ ఉంది... మరి మీ మనవడి చెవికి?

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో వెళ్లేముందు మీరు చాలా జాగ్రత్తలే తీసుకుంటారు. ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కొనుక్కుంటారు. మందుల చీటీ జెరాక్సు తీయించి రెండు బ్యాగుల్లోనూ పెట్టుకుంటారు. ట్రావెల్ ఇన్సూరెన్సు చేయించుకుంటారు. విమానంలో కాళ్లు వాయకుండా ఏం చేయాలని మమ్మల్ని అడుగుతారు. అన్నీ మంచివే. అయితే అక్కడికి వెళ్లాక ఏదో ఒక శనివారం మీ మనవడు మీ చెయ్యి పట్టుకుని ఒక స్టేడియానికి తీసుకెళ్తాడు. ఆ స్టేడియం గురించి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

అక్కడ జరిగేది మాన్‌స్టర్ ట్రక్కుల పోటీ. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా లాంటి నగరాల్లో స్థిరపడ్డ మన కుటుంబాలకు ఇది కొత్త కాదు. అయిదారేళ్ల పిల్లలున్న ఇంట్లోనైతే పుట్టినరోజు కేకు మీద కూడా ఈ ట్రక్కే ఉంటుంది. ఇక్కడ మన ఊళ్లలోనూ పిల్లల బొమ్మల బుట్టలో ఒకటైనా కనబడుతుంది. చిన్న బండి, దానికి సైజు మించిన నాలుగు చక్రాలు.

ముందే ఒక మాట చెబుతాను. ఈ పోటీలకు వెళ్లొద్దని నేను రాయడం లేదు. తాత, మనవడు కలిసి కేరింతలు కొట్టే సాయంత్రం ఆరోగ్యానికి మంచిదే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టికెట్లు కొనేముందు పిల్లాడి చెవులకు ఇయర్ మఫ్స్ కొనండి. ఆ తర్వాత మీకూ ఒక జత కొనుక్కోండి. ఎందుకో వివరంగా చూద్దాం.

అసలు ఏమిటీ పోటీ?

1970ల్లో సెయింట్ లూయిస్ నగరం దగ్గర బాబ్ చాండ్లర్ అనే ఆయన తన ఫోర్డ్ పికప్ ట్రక్కుకు పెద్ద పెద్ద టైర్లు బిగించి, దానికి ‘బిగ్‌ఫుట్’ అని పేరు పెట్టుకున్నారు. 1980ల మొదట్లో దాన్ని పాత కార్ల మీదుగా నడిపి నుజ్జునుజ్జు చేసి చూపించేసరికి జనం ఎగబడ్డారు. 1982లో నార్త్ కరోలినాకు చెందిన డెనిస్ ఆండర్సన్ ‘గ్రేవ్ డిగ్గర్’ అనే ట్రక్కును తయారు చేశారు. ఈరోజుకీ పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ట్రక్కు అదే. ఆయన పిల్లలు కూడా ఇప్పుడు ఇదే రంగంలో డ్రైవర్లు. వారిలో కూతురు కూడా ఉన్నారు.

2000లో లాస్ వెగాస్‌లో మొదటిసారి ‘మాన్‌స్టర్ జామ్ వరల్డ్ ఫైనల్స్’ జరిగింది. ఆటగాళ్లకు ప్రపంచ కప్ ఎలాగో, ఈ డ్రైవర్లకు అది అలాగ. 2018 దాకా అక్కడే జరిగింది. ఆ తర్వాత ఆర్లాండో, నాష్‌విల్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు మారుతూ వస్తోంది. పోటీలో ముఖ్యంగా రెండు భాగాలు. మొదటిది రేసింగ్. రెండేసి ట్రక్కులు పక్కపక్కన పరుగెడతాయి, ఓడింది ఇంటికి, గెలిచింది తర్వాతి రౌండుకు. రెండోది ఫ్రీస్టైల్. ఒక్కో ట్రక్కు ఒంటరిగా మైదానంలోకి వచ్చి సుమారు రెండు నిమిషాల్లో తన విద్యలన్నీ చూపించాలి. మట్టి దిబ్బ మీంచి గాల్లోకి లేవడం, ముందు చక్రాల మీద నిలబడటం, బొంగరంలా తిరగడం, గాల్లో వెనక్కి పల్టీ కొట్టడం... చూసేవాళ్లే ఫోన్లలో పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఇక పిల్లల ఉత్సాహం గురించి చెప్పాలా!

ఆ ట్రక్కు బరువు సుమారు 5,400 కిలోలు. టైరు ఎత్తు 66 అంగుళాలు. అంటే అయిదున్నర అడుగులు, సగటు మనిషంత. మాన్‌స్టర్ జామ్ ట్రక్కులకు ఈ టైర్లు తయారు చేసేది మన దేశానికి చెందిన బీకేటీ సంస్థ అని మీ మనవడికి చెప్పండి, సంబరపడతాడు. ఇంజను శక్తి దాదాపు 1,500 హార్స్ పవర్. మన ఇంటి ముందుండే చిన్న కార్ల ఇంజన్లు పదిహేను, ఇరవై కలిపితే వచ్చేంత! ఇంధనం పెట్రోలు కాదు, మిథనాల్. ఇంతటి ఇంజను స్టేడియం మధ్యలో ఫుల్ త్రాటిల్‌లో అరిస్తే ఆ శబ్దం మీ చెవికే కాదు, గుండెకూ పొట్టకూ కూడా తెలుస్తుంది. నిజం చెప్పాలంటే జనం వెళ్లేది సగం ఆ శబ్దం కోసమే.

డ్రైవర్ భద్రంగా ఉంటాడు

అంత ఎత్తు నుంచి పడి పల్టీలు కొట్టే ట్రక్కులోంచి డ్రైవర్ నవ్వుతూ దిగి, చెయ్యి ఊపుతాడు. చూసేవాళ్లకు అదో అద్భుతం. అందులో అద్భుతమేమీ లేదు, పకడ్బందీ ఏర్పాటు ఉంది. డ్రైవర్ సీటు ట్రక్కుకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం. భుజాలనూ నడుమునూ కట్టిపడేసే బెల్టులు, మెడ విరగకుండా పట్టి ఉంచే పరికరం, హెల్మెట్, నిప్పంటుకోని దుస్తులు. కుదుపును మింగడానికి నైట్రోజన్ వాయువు నింపిన షాక్ అబ్జార్బర్లు. ట్రక్కు అదుపు తప్పితే బయట నిలబడ్డ సిబ్బంది రిమోట్‌తో ఇంజన్ను ఆపేయగలరు.

ఈ ఏర్పాట్లన్నీ ఊరికే రాలేదు. ప్రమాదాలు నేర్పిన పాఠాలూ వీటి వెనక ఉన్నాయి. 2009 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ఒక ప్రదర్శనలో ట్రక్కు నుంచి ఊడిన లోహపు ముక్క ఎగిరివచ్చి తగిలి ఆరేళ్ల బాబు చనిపోయాడు. 2013 అక్టోబరులో మెక్సికోలోని చివావాలో ట్రక్కు జనంలోకి దూసుకెళ్లి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. 2014 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని హాక్స్‌బర్గెన్‌లో అలాగే ముగ్గురు మరణించారు. చివావాలోనూ హాక్స్‌బర్గెన్‌లోనూ జనం పోటీ జరిగే చోటికి మరీ దగ్గరగా ఉన్నారు. అందుకే మీకు నా మొదటి సలహా: సరైన స్టేడియంలో, పేరున్న నిర్వాహకులు నడిపే పోటీకే వెళ్లండి. ఎక్కడో ఖాళీ మైదానంలో తాళ్లు కట్టి నడిపే ప్రదర్శనలు వద్దు. డబ్బులు ఎక్కువ పెట్టి మరీ మొదటి వరుసలో కూర్చోవాల్సిన పని లేదు. కాస్త పైవరుసల్లో కూర్చుంటే పోటీ మొత్తం కనబడుతుంది, శబ్దమూ కొంత తగ్గుతుంది.

ఇవి కంటికి కనబడే ప్రమాదాలు. అరుదు కూడా. వీటి గురించి నిర్వాహకులు ఆలోచిస్తారు, ప్రభుత్వాలు ఆలోచిస్తాయి, బీమా కంపెనీలు ఆలోచిస్తాయి. కంటికి కనబడని ప్రమాదం ఒకటి ప్రతి పోటీలోనూ ప్రతి సీటు దగ్గరికీ వస్తుంది. దాని గురించి ఆలోచించాల్సింది మాత్రం మీరే.

లెక్క మీరే వేసి చూడండి

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఈ కొలతలో ఒక కిటుకు ఉంది. అంకె 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అయినట్టు. కాబట్టి 85కీ 100కీ తేడా 15 మాత్రమే కదా అనుకోకండి. శక్తి లెక్కన అది ముప్ఫై రెట్లకు పైమాటే.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం కోసం పనిచేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. 88 అయితే 4 గంటలు. 91 అయితే 2 గంటలు. 94కు గంట. 97కు అరగంట. 100కు కేవలం 15 నిమిషాలు.

ఇప్పుడు స్టేడియానికి రండి. ఇంజను అరుస్తున్నప్పుడు శబ్దం 100 డెసిబెల్స్ ఉందనుకుందాం. ఇలాంటి చోట అది పెద్ద లెక్కేమీ కాదు, దగ్గరి సీట్లలో అంతకు మించే ఉంటుంది. పన్నెండు ట్రక్కులు ఒక్కోటి రెండు నిమిషాలు ఫ్రీస్టైల్ చేస్తే 24 నిమిషాలు. పెద్దవాళ్ల రోజంతటి కోటా 15 నిమిషాలైతే, ఫ్రీస్టైల్ ఒక్కటే దాన్ని దాటేసింది. దానికి రేసింగ్ కలపండి. మధ్యలో మైకులో వ్యాఖ్యానం, పాటలు, చుట్టూ జనం కేకలు కలపండి.

ఇంకో సంగతి. ఈ కోటా ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసింది. పసివాళ్ల చెవికి వేసింది కాదు. ఫోన్లు, ఇయర్‌ఫోన్లలో పాటలు వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటల లెక్కన పెద్దలకు 80 డెసిబెల్స్ హద్దు పెడితే, పిల్లలకు 75 దగ్గరే ఆపింది. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరమని దీన్నిబట్టే తెలుస్తోంది.

చెవి లోపల జరిగేది ఇదీ

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే చిన్న భాగం ఉంటుంది. అందులో సుమారు 15 వేల హెయిర్ సెల్స్ ఉంటాయి. పేరులో హెయిర్ ఉన్నా ఇవి వెంట్రుకలు కావు. పైన సన్నటి నూగు ఉన్న కణాలు. శబ్దం వచ్చినప్పుడు ఆ నూగు కదులుతుంది. ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారి మెదడుకు చేరుతుంది.

వరిచేను మీద మామూలు గాలి వీస్తే పైరు వంగి మళ్లీ లేస్తుంది. ఈదురుగాలి వీస్తే పడిపోతుంది. కొంత లేస్తుంది, కొంత లేవదు. పెద్ద శబ్దానికి చెవిలోని ఈ కణాల పరిస్థితీ అంతే. తేడా ఒక్కటే. రైతు వచ్చే పంటకు మళ్లీ నాట్లు వేసుకోవచ్చు. మనిషి చెవిలో రెండో పంట లేదు. పుట్టినప్పుడు వచ్చిన ఆ 15 వేల కణాలే జీవితాంతం. పోయిన కణం మళ్లీ పుట్టదు. దాన్ని మళ్లీ మొలిపించే మందు ఈరోజుకీ మా దగ్గర లేదు.

పోటీ చూసి బయటికొచ్చాక చెవులు దిబ్బడేసినట్టు ఉండటం, ‘గుయ్’మని హోరు వినిపించడం చాలామందికి అనుభవమే. మర్నాటికి తగ్గిపోతుంది. తగ్గింది కదా, ఏం కాలేదనుకుంటాం. ఎలుకల మీద చేసిన ప్రయోగాలు వేరే సంగతి చెబుతున్నాయి. వినికిడి పరీక్షలో ఫలితం మామూలు స్థితికి వచ్చిన తర్వాత కూడా, కణాలకూ నరానికీ మధ్య ఉండే అతుకులు కొన్ని శాశ్వతంగా తెగిపోయాయి. అంటే హోరు తగ్గడం గాయం మానిందనడానికి రుజువు కాదు. గాయమైందని చెవి చెప్పిన మాట అది.

శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం మొదట సన్నటి ధ్వనుల మీద దెబ్బ కొడుతుంది. స, శ, ష లాంటి అక్షరాలు సరిగ్గా పట్టుబడవు. మాట వినిపిస్తుంది, అర్థం కాదు. నలుగురూ మాట్లాడుతున్న చోట ఇంకా కష్టం. పిల్లాడైతే క్లాసులో టీచర్ మాట సగం అందుకుంటాడు. ‘వీడికి ఏకాగ్రత లేదు’ అని మనం తిడతాం. పెద్దవాళ్లయితే టీవీ సౌండు పెంచుతారు, ఫోన్లో మాట్లాడటం తగ్గిస్తారు, శుభకార్యాల్లో ఒక మూల కూర్చుంటారు. ‘ఆయన ఈమధ్య ఎవరితోనూ కలవడం లేదు’ అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

నేను ఈఎన్‌టీ డాక్టర్ను కాను, జనరల్ ఫిజీషియన్‌ను. నా ఓపీకి జనం షుగరుకో, బీపీకో వస్తారు. చీటీ రాసి ఇచ్చాక లేచి వెళ్తూ, ‘చెవిలో ఒకటే హోరండీ, రాత్రుళ్లు నిద్ర పట్టదు’ అని చివర్లో చెబుతారు. ఏం పని చేసేవారని అడిగితే రైసు మిల్లు, జనరేటర్ గది, పాత ట్రాక్టరు... ఇలాంటి జవాబులే ఎక్కువ. వాళ్లు పొట్టకూటి కోసం చెవులు పోగొట్టుకున్నారు. వాళ్లకు వేరే దారి లేదు, చెప్పేవాళ్లూ లేరు. సరదా కోసం వెళ్లే మనకు దారి ఉంది. చెప్పేవాళ్లూ ఉన్నారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

‘ఒక్కరోజుకేం అవుతుంది డాక్టరుగారూ?’

తప్పకుండా అడుగుతారు. నిజమే, ఒక్కసారి వెళ్లొచ్చినంత మాత్రాన అందరికీ చెవుడు వస్తుందని నేను అనను. కానీ ఎవరి చెవి ఎంత తట్టుకుంటుందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. పైగా అది ఒక్కరోజు కాదు. ఈ ఏడాది మాన్‌స్టర్ ట్రక్కులు, ఆపైన జులై నాలుగో తేదీ బాణసంచా, పెళ్లిలో డీజే, కాలేజీకి వచ్చాక రోజుకు మూడు గంటలు ఇయర్‌ఫోన్లు. చెవి అన్నిటినీ ఒకే ఖాతాలో రాసుకుంటుంది. ఆరేళ్ల పిల్లాడు ఆ ఖాతాతో ఇంకో డెబ్భై ఏళ్లు బతకాలి.

‘చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది పెట్టుకోలేదు కదా’ అన్నది రెండో ప్రశ్న. బైకు మీద వెళ్లేవాళ్లలో చాలామంది హెల్మెట్ పెట్టుకోరు. అందుకని తల గట్టిపడిందా?

‘పిల్లాడు తీసి పారేస్తాడు’ అన్నది మూడోది. ఇది మాత్రం నిజమైన ఇబ్బంది. పోటీకి వారం ముందే కొని ఇంట్లో ఆటలా అలవాటు చేయండి. ‘గ్రేవ్ డిగ్గర్ డ్రైవర్ కూడా తలకి పెట్టుకున్నాకే ఇంజను స్టార్ట్ చేస్తాడు, మనమూ పెట్టుకున్నాకే చూద్దాం’ అనండి. మీరు పెట్టుకుంటే వాడు పెట్టుకుంటాడు. మీరు పెట్టుకోకుండా వాడికి పెడితే అయిదు నిమిషాల్లో తీసేస్తాడు.

దూది పెడితే చాలదు

మనవాళ్లకు చెవి అనగానే దూది గుర్తొస్తుంది. దూది చలిగాలిని ఆపుతుందేమో గానీ శబ్దాన్ని ఆపదు. చేతిరుమాలు, మఫ్లరు, చీర కొంగు కూడా అంతే. పాటలు వినే నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్లు కూడా ఈ పనికి తయారైనవి కావు. కావలసింది శబ్ద రక్షణ కోసమే తయారు చేసిన ఇయర్ మఫ్స్ లేదా ఫోమ్ ఇయర్ ప్లగ్స్.

ప్యాకెట్ మీద ‘ఎన్‌ఆర్‌ఆర్’ అని ఒక అంకె ఉంటుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత రక్షణ. అయితే ఆ అంకె మొత్తం మనకు దక్కదు. అది ప్రయోగశాల లెక్క. అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే నిజ జీవితంలో దక్కేదానికి దగ్గరగా వస్తుంది. ఉదాహరణకు 27 అని ఉంటే 7 పోను 20, అందులో సగం 10. అంటే 100 డెసిబెల్స్ శబ్దం చెవికి 90గా చేరుతుంది. ఆ మాత్రం చాలా అంటారా? చాలు. 100 దగ్గర 15 నిమిషాలే ఉన్న కోటా, 90 దగ్గరికి వచ్చేసరికి రెండున్నర గంటలవుతుంది. దాదాపు ఒక పోటీ మొత్తం చూసేయవచ్చు.

చిన్నపిల్లలకు వాళ్ల తల సైజుకు సరిపోయే మఫ్స్ కొనండి. పెద్దవాళ్లవి పెడితే పక్కన సందులు ఉండిపోతాయి. జుట్టు, టోపీ అంచు, కళ్లజోడు కాడ మఫ్స్ కిందికి రాకుండా చూడండి. ఫోమ్ ప్లగ్స్ పెద్దవాళ్లకే. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. ప్లగ్‌ను శుభ్రమైన వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బి సర్దుకునే దాకా అర నిమిషం వేలితో నొక్కి ఉంచాలి. సరిగ్గా కుదిరితే మీ గొంతు మీకే బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

హాలు లోపల జరిగే పోటీ అయితే

చలికాలంలో కొన్ని పోటీలు పైకప్పు ఉన్న హాళ్లలో జరుగుతాయి. అక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఇంజన్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. 1990ల మొదట్లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో హాలు లోపల జరిగిన మాన్‌స్టర్ ట్రక్కులు, ట్రాక్టర్ల పోటీల్లో గాలిని కొలిచి చూస్తే ఈ వాయువు బాగా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ దేశపు ఆరోగ్య సంస్థ సీడీసీ దాన్ని తన వారపు నివేదికలో ప్రచురించింది కూడా.

హాల్లో కూర్చున్నాక తలనొప్పి, తల తిరగడం, వికారం, కళ్లు మసకలు అనిపిస్తే, ముఖ్యంగా మీతో వచ్చిన ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అనిపిస్తే, ‘జెట్ లాగ్’ అని సరిపెట్టుకోకండి. వెంటనే బయటి గాలిలోకి రండి, సిబ్బందికి చెప్పండి. తగ్గకపోతే 911కు ఫోన్ చేయించండి. కొవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుని 98 చూపిస్తోందని ధీమా పడొద్దు. మామూలు ఆక్సీమీటరుకు ఆక్సిజన్‌కూ, కార్బన్ మోనాక్సైడుకూ తేడా తెలియదు.

ఎవరు ఇంట్లో ఉండటం మంచిది?

గర్భిణులు వెళ్లకపోవడమే మేలు. మఫ్స్ తల్లి చెవులను కాపాడతాయి గానీ కడుపులోని బిడ్డ చెవులను కాదు. అమ్మాయి పురుడు కోసం వెళ్లిన తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి. నెలల బిడ్డలను కూడా తీసుకెళ్లొద్దు. నెలల బిడ్డ ట్రక్కును చూసి ఆనందించేదేమీ లేదు, భయపడటం తప్ప.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఆంజైనా ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు హాలు లోపలి పోటీలకు దూరంగా ఉండండి. పెద్ద శబ్దానికి అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. దానికి కార్బన్ మోనాక్సైడ్ తోడైతే గుండెకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. వినికిడి యంత్రం వాడేవాళ్లు దాన్ని తీసి జేబులో పెట్టుకుని మఫ్స్ పెట్టుకోండి. యంత్రం ఆపేసి చెవిలో ఉంచుకుంటే అదే రక్షణ అనుకోవద్దు.

ఇంట్లో ఇలాంటివాళ్లు ఉండి, మనవడు మరీ మారాం చేస్తే ఒక మధ్యేమార్గం ఉంది. పోటీకి ముందు ‘పిట్ పార్టీ’ అని ఒక కార్యక్రమం పెడతారు. ఇంజన్లు ఆపి ఉన్న ట్రక్కులను దగ్గర నుంచి చూడొచ్చు, టైరు పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు, డ్రైవర్ల సంతకాలు తీసుకోవచ్చు. దానికి టికెట్టు ఎలా ఇస్తున్నారో ముందే కనుక్కోండి. అమ్మమ్మ అక్కడివరకు వచ్చి వెనక్కి వెళ్లిపోవచ్చు.

బాధ్యత అంతా మనదేనా?

కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 5,400 కిలోల ట్రక్కు పల్టీ కొట్టినా డ్రైవర్‌కి గీత పడకుండా చూడగల పరిశ్రమ, టికెట్టుతో పాటు ఒక జత ఇయర్ ప్లగ్స్ ఇవ్వలేదా? త్రీడీ సినిమాకు వెళ్తే గుమ్మం దగ్గర కళ్లద్దాలు చేతికిస్తారు కదా. చెవులు కాపాడుకోవాలని సలహా ఇవ్వడం, మఫ్స్‌ను సావనీర్ దుకాణంలో అమ్మడం సరిపోదు. మరిచిపోయి వచ్చిన కుటుంబం అక్కడి ధర చూసి వెనకాడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత కచేరీలు, క్లబ్బుల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదు, దాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉండాలి, ప్రేక్షకులకు చెవి రక్షణ అందుబాటులో ఉంచాలి, కాసేపు చెవులకు విశ్రాంతి ఇచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలి అని అందులో ఉంది. పాటల వేదికకు వర్తించేది ఇంజన్ల వేదికకు ఎందుకు వర్తించకూడదు? కారుకు సీటు బెల్టు కూడా ఒకప్పుడు ఎవరిష్టం వాళ్లది. ఇప్పుడు కాదు. ఇదీ అలాగే మారాలి. మారే దాకా మన పిల్లల చెవులను మనమే చూసుకోవాలి.

అక్కడ మఫ్స్, ఇక్కడ డీజే బాక్సు

ఒక చిత్రం చూడండి. డాలస్‌లో స్టేడియానికి వెళ్లేటప్పుడు పిల్లాడికి పదిలంగా మఫ్స్ పెట్టే తల్లిదండ్రులే, డిసెంబరు సెలవుల్లో ఇక్కడికి బంధువుల పెళ్లికి వచ్చినప్పుడు అదే పిల్లాణ్ని భుజాల మీద ఎక్కించుకుని బరాత్‌లో డీజే బాక్సు ముందు డ్యాన్సు చేస్తారు. చెవికి దేశం తేడా తెలియదు. ట్రక్కు ఇంజనైనా, డీజే బాక్సయినా, సైలెన్సర్ పీకేసిన బైకైనా 100 డెసిబెల్స్ అంటే 100 డెసిబెల్సే.

మన దేశంలో 2000 సంవత్సరం నుంచే శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. నిబంధన పుస్తకంలో ఉంది, బాక్సు వీధిలో ఉంది. కాబట్టి అమెరికా కోసం కొన్న మఫ్స్‌ను అక్కడే వదిలేసి రాకండి. సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకోండి. ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం పడుతుంది.

వెళ్లేరోజు ఇవి చూసుకోండి

• ప్రతి ఒక్కరికీ ఒక జత మఫ్స్ లేదా ప్లగ్స్. ఒక జత అదనంగా.
• ఇంజన్లు స్టార్ట్ కాకముందే పెట్టుకోవాలి. మొదటి గర్జన విన్నాక కాదు.
• పైవరుస సీట్లు, స్పీకర్లకు దూరంగా ఉన్నవి ఎంచుకోవాలి.
• విరామంలో పిల్లలను బయటి వరండాలోకి తీసుకెళ్లి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వాలి.
• అవతలి మనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నా అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే శబ్దం హద్దు దాటినట్టే. ఐఫోన్ ఉంటే నియోష్ వాళ్ల ఉచిత యాప్‌తో శబ్దం కొలుచుకోవచ్చు.
• వేసవి మధ్యాహ్నం ఆరుబయట స్టేడియం అయితే మంచినీళ్లు, టోపీ, షుగరు ఉన్నవాళ్లు వేళకు తినడానికి ఏదో ఒకటి. బయటి తిండి లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి.
• ఆ రాత్రి, మర్నాడు ఇయర్‌ఫోన్లు, పెద్ద సౌండు టీవీ వద్దు.

ఇంటికొచ్చాక 24 గంటలు గడిచినా చెవి దిబ్బడ గానీ, హోరు గానీ తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేసినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. ‘ఇండియా వెళ్లాక చూపించుకుందాంలే, ఇక్కడ ఖర్చెక్కువ’ అని వాయిదా వేయకండి. ఉన్నట్టుండి వచ్చిన చెవుడుకు ఇచ్చే మందులు మొదటి రోజుల్లో వేస్తేనే ఫలితం ఎక్కువ. వారాలు గడిచాక మేం చేయగలిగింది తగ్గిపోతుంది. తిరిగి వచ్చాక ఏ అనుమానం ఉన్నా, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో ఆడియోమెట్రీ పరీక్ష చేస్తారు. అరగంట పని, నొప్పి ఉండదు.

ఈసారి ఫోన్లో మనవడు ‘తాతయ్యా, నువ్వు వచ్చాక ట్రక్కులు చూడటానికి వెళ్దాం’ అంటే సరేననండి. ఆ వెంటనే ఫోన్ వాళ్ల నాన్నకు ఇవ్వమని, ‘టికెట్ల సంగతి తర్వాత, ముందు మఫ్స్ ఆర్డర్ పెట్టు’ అని చెప్పండి.

- వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ. ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్